కంప్యూటరు లోగది

2024వ సంవత్సరము జూలై 19వ తేది శుక్రవారమునాడు శంషాబాదు విమానాశ్రయమున ఒక వింత జరిగినది. విమానమెక్కు ప్రయాణికులకు యంత్రము అచ్చొత్తి యిచ్చు చీటీలకు మారుగా, ఉద్యోగులు కలము చేతబట్టి పేరు, చేరవలసిన ఊరు, ఆసనపు సంఖ్య తమ చేవ్రాతతో వ్రాసి యిచ్చిరి. హైదరాబాదునుండి కలకత్తాకు పోవు నొక ప్రయాణికుని చీటీ ఛాయాచిత్రమును దేశమంతయు చూచి నవ్వుకొన్నది. కాని ఆ దినముననే అనేక దేశములలో ఆసుపత్రుల పనులు వాయిదాపడెను. బ్యాంకుల లావాదేవీలు నిలిచెను. వేలకొలది విమానములు నేల విడువలేదు. ఆనాడు నిలిచిపోయిన కంప్యూటర్లు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్టు సంస్థ లెక్క చెప్పినది.

ఏ శత్రువును దండెత్తలేదు. ఏ దొంగయు కన్నము వేయలేదు. కంప్యూటర్లకు కాపలా కాయు ప్రోగ్రాములను తయారుచేయు క్రౌడ్‌స్ట్రైకు అను అమెరికా సంస్థ, తన కాపలావానికి క్రొత్త దొంగల ఆనవాళ్లు తెలుపు చిన్న పత్రమొకటి పంపినది. ఆ పత్రము 21 గడులను పరికింపుమని చెప్పినది. కాపలావాని చేతికి అందినవి 20 గడులే. లేని యిరువదియొకటవ గడికై వాడు చేయి చాచి, తనది కాని చోట తడవి, కూలెను. వానితోగూడ కంప్యూటరంతయు కూలెను. తిరిగి లేపినచో తిరిగి కూలెను. పెక్కు యంత్రముల కడకు మనుష్యుడు స్వయముగా పోయి ఆ పత్రమును తీసివేయవలసి వచ్చినది.

పెద్దలారా, కాపలావాడు తూలిపడినంత మాత్రమున ఇల్లేల కూలవలెను? నేనీ ప్రసంగమున విచారింపదలచినది ఆ ప్రశ్నయే. సమాధానము చిన్నదే: వానిని మనము వీధియరుగుమీద గాక లోగదిలో పరుండబెట్టితిమి. కాని వానికి లోగది ఎందుల కీయవలసివచ్చెను, ఈయకుండ నుండు మార్గమును ఎవ్వరు ఎన్నడు కనిపెట్టిరి, కనిపెట్టియు లోకము దానిని ఏల విడిచినది యనునది అరువది యేండ్ల చరిత్ర.

ముందుగా రెండు మాటల అర్థము చెప్పవలయును. కంప్యూటరులోగాని, మీ చేతిలోని ఫోనులోగాని ఒకే వేళ పెక్కు ప్రోగ్రాములు పనిచేయుచుండును. ఒకటి ఉత్తరము చూపును. ఒకటి పాట పాడును. ఒకటి బ్యాంకులోని మీ సొమ్ము లెక్క చూపును. వీనికి యంత్రపు జ్ఞాపకస్థలమును, కాలమును పంచి యిచ్చి, ఒకదానిపై మరియొకటి పడకుండ చూచు పెద్ద ప్రోగ్రాము కలదు. దానిని ఆపరేటింగు సిస్టము అందురు. దానిలోను సర్వాధికారములు గల అంతర్భాగమును కెర్నెలు అందురు. గింజలోని పప్పువంటిదని భావము. నేను దానిని లోగది యనుచున్నాను. లోగదిలో నున్నవానికి ఇంటిలో తెరువరాని పెట్టె లేదు.

రెండవ మాట నమ్మకము. మనము ఒకనిని నమ్మినవాడనినచో, వాడు మంచివాడని మన తలంపు. ఈ శాస్త్రజ్ఞులు ఆ మాటను మరియొక విధముగ వాడుదురు. దేని తప్పుచేత మనకు చేటు మూడునో అది వారి భాషలో నమ్మబడినది. మీ ధాన్యపుకొట్టు తాళపుచెవి ఎవని మొలత్రాట నున్నదో వాడు మీచే నమ్మబడినవాడు. వాడు మంచివాడా, కాడా యనునది వేరు మాట. మంచివాడైనను మరపుచేత తలుపు తీసి పోవచ్చును. ఈ యర్థమున చూచినచో, నమ్మబడినవారు ఇంట నెంత తక్కువగా నుండిన అంత సుఖము. నేను చెప్పబోవు చరిత్రయంతయు ఆ లెక్కను తగ్గించుటకై జరిగిన ప్రయత్నమే.

1960 దశకమునకు పూర్వము కంప్యూటరు ఒకవేళ ఒక్కని పనియే చేయుచుండెను. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కోర్బాటో అను ఆచార్యుడును, అతని సహచరులును 1961లో ఒకే యంత్రమును పెక్కుమంది ఏకకాలమున వాడుకొను పద్ధతిని చూపిరి. యంత్రము ఉమ్మడిసొత్తు కాగానే ఒకని వ్రాతలను మరియొకడు చూడకుండుటకు రహస్యపదములు పెట్టవలసివచ్చెను. ఉమ్మడి కుటుంబమునకు తగవులెట్లో ఉమ్మడి యంత్రమునకు తాళము లట్లు.

ఆ తాళముల గతి యేమైనదో కోర్బాటోయే తరువాత చెప్పినాడు. ఆ దశకము నడుమ నొక శుక్రవారము సాయంకాలము, యంత్రము కడకు వచ్చిన ప్రతివానికిని, నాటి వార్తలకు మారుగా అందరి రహస్యపదముల పట్టికయు అచ్చుపడి కనబడెను! కారణమేమనగా, వ్రాతలను దిద్దు ప్రోగ్రాము తాను పనిచేయునప్పుడు ఒకే పేరుగల తాత్కాలిక పత్రమును వాడుచుండెను. ఒక అధికారి వార్తాపత్రమును, మరియొక అధికారి రహస్యపదముల పట్టికను ఒకే వేళ దిద్దిరి. రెండును ఒక్క పేరున కలిసి తారుమారైనవి. ఒక్క పలకమీద ఇద్దరు పిల్లలు లెక్క చేసినట్లైనది. ఈ కథను నేనింత వివరముగ చెప్పుటకు కారణము కలదు. ఇందును దొంగ లేడు. శంషాబాదునకు అరువది యేండ్లకు పూర్వమే గోడ లేని చోట మంచివారి చేతనే ఇల్లు గుల్లయగునని తెలిసినది.

గోడలు కట్టవలెనని ఆ విద్యాలయమే, జనరలు ఎలక్ట్రికు, బెల్లు ప్రయోగశాలలతో కలిసి, మల్టిక్సు అను గొప్ప ఆపరేటింగు సిస్టమును తలపెట్టినది. దాని కట్టడమును మనకు దేవాలయము చక్కగా బోధపరుపగలదు. శ్రీరంగమున ఏడు ప్రాకారములు గలవు. వెలుపలి ప్రాకారమున అంగళ్లుండును, ఎవరైనను తిరుగవచ్చును, లోనికి పోవుకొలది అధికారము గలవారు తగ్గుదురు, గర్భగృహమున అర్చకుడొక్కడే. మల్టిక్సు యంత్రమున నట్లే ఎనిమిది వలయములు ఏర్పరచిరి. వెలుపలి వలయమునుండి లోపలిదానికి పోవుటకు నియమితమైన ద్వారములే గాని అడ్డదారి లేదు. ఆ ద్వారముల నియమమును యంత్రమే కాపాడును. ఈ వలయముల యాలోచన నేటికిని ఇంటెలు సంస్థ చేయు ప్రాసెసరులలో నున్నది. అందు నాలుగు వలయములు గలవు. దురదృష్టమేమనగా, నేటి ప్రధానమైన సిస్టములు ఆ నాలుగింటిలో రెంటినే వాడుకొనుచున్నవి: గర్భగృహము, వీధి. నడిమి ప్రాకారములు పాడుపడినవి.

మల్టిక్సు సురక్షితమా యని పరీక్షింపుమని అమెరికా వైమానిక దళము తన ఉద్యోగుల నియమించెను. పాలు కార్గరు, రోజరు షెలు అనువారు దానిలో పలుమార్లు చొరబడి 1974లో నివేదిక వ్రాసిరి. అంతకు రెండేండ్లకు ముందు, 1972లో, అదే దళమునకై జేమ్సు ఆండర్సను వ్రాసిన మరియొక నివేదికలో ద్వారపాలకునకు మూడు లక్షణములు చెప్పబడినవి. వానిని ఎవరును చెరుపజాలకుండవలెను. ప్రతి రాకపోకయు వాని యెదుటనే జరుగవలెను. మూడవది, వాడు సంపూర్ణముగ పరీక్షింపదగినంత చిన్నవాడై యుండవలెను. మొదటి రెండును ఎవరికైన తోచునవే. ఈ మూడవ మాటయే నా దృష్టిలో ఆ కాలపు గొప్ప వాక్యము. పెద్ద ద్వారపాలకుని లోపల నేమున్నదో ఎవరు వెదకగలరు?

చిన్నదిగ చేయు విద్య అప్పటికే డెన్మార్కు దేశమున పుట్టియుండెను. దాని పుట్టుక మన వ్యవసాయదారులకు ప్రీతి గొలుపదగినది. రెగ్నెసెంట్రాలెను అను డేనిషు సంస్థ ఆర్‌సీ 4000 అను కంప్యూటరును చేసి, పోలండు దేశములోని పువావి పట్టణమున ఎరువుల కర్మాగారమును పర్యవేక్షించుటకై పంపెను. ఎరువు చేయు కర్మాగారమున కావలసిన పద్ధతి ఒకటి, లెక్కలు చేయు కార్యాలయమున కావలసినది మరియొకటి. ప్రతివానికి వేరువేరుగ ఆపరేటింగు సిస్టము వ్రాయుటెట్లు? పెరు బ్రించి హాన్సెను అను యువకుడు, అప్పటికి ముప్పది యేండ్లవాడు, ఒక యుక్తి పన్నినాడు. కెర్నెలులో పెత్తనములేవియు నుంచక, ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశములు పంపుకొను ఏర్పాటును, వానిని పుట్టించి తొలగించు ఏర్పాటును మాత్రము ఉంచెను. తక్కిన పెత్తనమంతయు వెలుపల, వేరువేరు ప్రోగ్రాములకు అప్పగించెను. ఎవరి కెట్టి పెత్తనము కావలెనో వారట్టిది కట్టుకొనవచ్చును, కెర్నెలును తాకబనిలేదు. ఇది 1969వ సంవత్సరపు మాట. దీనికి మైక్రోకెర్నెలు అను పేరు తరువాత వచ్చినది.

ఇంత మంచి యుపాయము దొరికిన తరువాత లోకమంతయు దానిని పట్టుకొనవలసినది గదా! లోకమట్లు నడువదు. అదే 1969లో మల్టిక్సు పనినుండి బెల్లు ప్రయోగశాలలవారు తప్పుకొనిరి. అచ్చటి కెను థాంప్సను, డెన్నిసు రిచీ అనువారు తమకొరకు యూనిక్సు అను చిన్న సిస్టము చేసికొనిరి. చిన్న యిల్లు గనుక గదులెందులకని పనులన్నియు ఒక్క లోగదిలోనే పెట్టిరి. ఇల్లు చిన్నదిగ నున్నంతకాలము అది చాల సుఖముగ నుండెను. ఇల్లు పెరిగినది, గది మాత్రము ఒక్కటే మిగిలినది.

ఈ థాంప్సనే నమ్మకమునుగూర్చి అందరికంటె భయంకరమైన మాట చెప్పినాడు. దానిని చెప్పుటకు ముందు మా యింటి కథయొకటి చెప్పెదను. మా తాతగారు తెలంగాణమువారు. నిజాము కాలమున దస్తావేజులు ఉర్దూలో వ్రాయుచుండిరి. ఆయనకు ఉర్దూ రాదు. చెలక యొకటి బావిలో పాలుతోగూడ కొనుచున్నానని ఆయన తెలుగున చెప్పగా, ఒక మున్షీ ఉర్దూలో వ్రాసి, తెలుగున చదివి వినిపించెను. వినిపించినప్పుడు బావి యున్నది. కొన్నేండ్లకు మా తండ్రి బడిలో ఉర్దూ నేర్చి, ఆ కాగితము తీసి చదివినప్పుడు బావి లేదు! ఆ బావి నీరు మా చెలకకు మరల రాలేదు.

కంప్యూటరు ప్రోగ్రామును మనుష్యుడు తనకు తెలియు భాషలో వ్రాయును. యంత్రమునకు ఆ భాష రాదు. నడుమ కంపైలరు అను మున్షీ యుండి యంత్రభాషలోనికి మార్చును. థాంప్సను 1984లో అచ్చైన తన ట్యూరింగు బహుమానోపన్యాసమున ఇట్టి మున్షీని గూర్చి చెప్పినాడు. ఇంటి తలుపు తీయు ప్రోగ్రామును తర్జుమా చేయునప్పుడెల్ల, ఈ మున్షీ తనకు మాత్రము తెలిసిన దొంగతాళపుచెవి నొకదానిని అందు చేర్చును. అంతటితో ఆగినచో మున్షీనే పరీక్షించి పట్టుకొనవచ్చును. ఏలయన మున్షీయు ఒక ప్రోగ్రామే, వాని వ్రాతప్రతి చదువవచ్చును. కాని థాంప్సను మున్షీకి రెండవ విద్య నేర్పినాడు: క్రొత్త మున్షీని తర్జుమా చేయునప్పుడెల్ల, ఈ రెండు దొంగవిద్యలను వానిలో చేర్చవలెను. ఒకసారి ఇట్లు చేసిన తరువాత వ్రాతప్రతినుండి దొంగవిద్యలను తుడిచివేయవచ్చును. చదివినవానికి అక్షరమక్షరమును శుద్ధముగ నుండును. దోషము మాత్రము తరతరములుగ సాగును. మా తాతగారి మున్షీ జిల్లాలోని మున్షీలందరికిని గురువై, లేని బావిని ఉన్నట్లు చదువుట వారికిని నేర్పియుండినచో మా తండ్రికి తెలిసెడి దేమి?

మనము స్వయముగా వ్రాయని ప్రోగ్రామును మనము పూర్తిగ నమ్మజాలమని థాంప్సను తేల్చినాడు. ఈ యాలోచన తనది కాదనియు, వైమానిక దళపు పత్రమొకదానిలో చూచితిననియు ఆయన ఒప్పుకొనెను. అది నేను పైని చెప్పిన కార్గరు, షెలుల నివేదికయే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కరణము, మునసబు పదవులను తీసివేసినదియు ఆ 1984 జనవరిలోనే. ఊరి లెక్కయంతయు ఒక్కని దస్తూరిలో నుండవచ్చునా యను తగవులో నాడు పాల్గొన్న పెద్దలు మీలో పలువు రుందురు. థాంప్సను ఉపన్యాసము మీకు తేలికగానే అర్థమగును.

ఇక గదుల తగవునకు వత్తము. ఆంస్టర్‌డాములో ఆండ్రూ టానెన్‌బాము అను ఆచార్యుడు 1987లో విద్యార్థులకు పాఠము చెప్పుటకై మినిక్సు అను చిన్న సిస్టము చేసినాడు. అందు కెర్నెలు చిన్నది, తక్కిన పనివారు వెలుపల. దానిని చదువుకొన్న ఫిన్లండు విద్యార్థి లైనసు టోర్వాల్డ్సు 1991లో తన లైనక్సును వెలువరించెను. అందు అందరును ఒక్క లోగదిలోనే. 1992 జనవరిలో ఆచార్యుడు, ఇది కాలము చెల్లిన పద్ధతియని బహిరంగముగ విమర్శించెను. శిష్యప్రాయుడు తీవ్రముగ బదులు చెప్పెను. తగవున గెలిచిన దెవరని నన్నడిగినచో, యుక్తిలో ఆచార్యుడును, ఆ కాలపు వ్యవహారమున కుర్రవాడును అని చెప్పెదను. ఏలయన అప్పుడు పేరెన్నికగన్న మైక్రోకెర్నెలు, అమెరికాలోని కార్నెగీ మెలను విశ్వవిద్యాలయపు మాకు, చాల నెమ్మదిగ నడుచుచుండెను. ఇంటిలో గదులు వేరైనచో ప్రతి చెంబు నీటికిని తలుపు తట్టవలెను. ఆ తలుపు తట్టుటకే ప్రొద్దు చాలకపోయినది.

లైనక్సును తక్కువ చేయుట నా యుద్దేశము గాదు. మన ఆండ్రాయిడు ఫోనులందున్నది అదియే. దానికిని మాడ్యూలులని పేరుగల విడిభాగములు గలవు. కావలసినప్పుడు చేర్చి, అక్కరలేనప్పుడు తీయవచ్చును. ఐతే ఇచ్చట నొక భ్రమను తొలగించుకొనవలెను. భాగములుగ విడదీయుట వేరు, నడుమ గోడ కట్టుట వేరు. ఒక్క గదిలో నలుగురు నాలుగు చాపలు వేసికొని పరుండినంత మాత్రమున నాలుగు గదులు కావు. 2024లో కూలిన కాపలావాడు విండోసు కెర్నెలులో నట్టి విడి చాపమీదివాడే. లైనక్సు కెర్నెలు వ్రాతప్రతి 2025 నాటికి సుమారు నాలుగు కోట్ల పంక్తులకు చేరినది. ఏ యొక్క యంత్రమును అందన్నిటిని వాడదు, నిజమే; ఐనను సంపూర్ణముగ పరీక్షింపదగినంత చిన్నదిగ నుండవలెనని ఆండర్సను చెప్పిన మాటను ఈ సంఖ్య ప్రక్కన పెట్టి చూడుడు.

తలుపు తట్టుటకు ప్రొద్దు చాలదన్న ఆక్షేపణకు జర్మనీ దేశీయుడు యోహెను లీడ్‌కె సమాధానము చెప్పినాడు. ఆలస్యము గదుల స్వభావమునుండి పుట్టినది కాదు, చెడ్డ తలుపులనుండి పుట్టినదని ఆయన వాదము. 1993లో ఆయన తాను చేసిన కెర్నెలున సందేశము పంపుటకు మాకు పట్టు కాలములో సుమారు ఇరువదవ వంతు చాలునని కొలిచి చూపెను. కెర్నెలులో నొక పనిని ఉంచవలెనన్న, దానిని వెలుపల పెట్టుట అసాధ్యమని ముందు తేల్చవలెనని ఆయన నియమము. ఎల్4 అను ఆయన కెర్నెలు వంశము పెద్దదైనది. ఆ వంశపు కెర్నెలు 2012 నాటికే నూరుకోట్లకు మించిన ఫోనులలో, గాలిలోని సంకేతములను పట్టు విడి ప్రాసెసరులో, పనిచేయుచుండెను. వాడినవారికి దాని పేరైనను తెలియదు. లీడ్‌కె మాత్రము 2001లో, నలువదియెనిమిదేండ్ల ప్రాయమున, గతించెను.

ఆయన కెర్నెలు వంశమున పుట్టిన ఎస్ఈఎల్4 అను దానిపై ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున గర్నాటు హైజరు, గెర్విను క్లైను మొదలగువారు మరియొక మెట్టెక్కిరి. పరీక్షలు చేసి తప్పు కనబడలేదనుట వేరు. తప్పు లేదని గణితమువలె నిరూపించుట వేరు. పదిమార్లు బండి నడిపి చక్రము గట్టిదనుట మొదటిది. త్రిభుజపు మూడు కోణముల మొత్తము రెండు లంబకోణములని బడిలో మనము చేసిన నిరూపణము రెండవది. వారి కెర్నెలు సుమారు 8,700 పంక్తులు. దాని నడత వారు వ్రాసికొన్న నియమమును ఎన్నడును దాటదని చూపు నిరూపణము రెండు లక్షల పంక్తులు! ఆ పంక్తులను కంప్యూటరే సరిచూచినది. ఒక్కడే చేసినచో ఇరువది యేండ్లు పట్టు శ్రమ. 2009లో ఈ పని ముగిసినది. నిరూపించుచుండగా, అప్పటికి బాగుగ నడుచుచున్న ఆ చిన్న ప్రోగ్రాములోనే నూటికి మించిన తప్పులు బయటపడినవి. ఎనిమిదివేల పంక్తులలో నూరు తప్పులైనచో, నాలుగు కోట్ల పంక్తులలో నెన్ని యుండునో శ్రోతలే లెక్కవేసికొనవచ్చును.

ఆ నిరూపణము నిజమైన యిల్లును కాపాడునా యని అమెరికా రక్షణశాఖవారు పరీక్షించిరి. మనుష్యుడు లేకుండ ఎగురగల బోయింగువారి హెలికాప్టరులో ఈ కెర్నెలును పెట్టి, దాని కంప్యూటరులో కెమెరాను నడుపు భాగమును, చొరబడుటలో నేర్పరులైనవారి చేతికి కావలెననియే అప్పగించిరి. అనగా దొంగలను వంటయింటిలోనికి పిలిచి, ఇక లోగదికి పొండని చెప్పినట్లు. వారు తామున్న గదిని పాడుచేయగలిగిరి గాని గోడ దాటలేకపోయిరి. హెలికాప్టరు తన దారిని తాను పోయినది.

ఇంతటితో కథ ముగిసిన బాగుండును. కాని ఆ నిరూపణమున నొక షరతు కలదు: క్రిందనున్న యంత్రము చెప్పినట్లు నడుచుచుండవలెను. 2018 జనవరిలో స్పెక్టరు, మెల్ట్‌డౌను అను దోషములు వెల్లడియైనవి. వేగముకొరకు ప్రాసెసరులు రాబోవు పనిని ముందుగ ఊహించి చేసి పెట్టుకొనును. ఊహ తప్పినచో దానిని కొట్టివేయును. కొట్టివేసిన పని యొక్క జాడలు మిగులుచుండెను. ఆ జాడలనుబట్టి గోడ కావలనున్న రహస్యమును కనిపెట్టవచ్చునని తేలినది. గోడ కట్టిన మేస్త్రీ తప్పు కాదు. నేలయే నెఱియలు బారియున్నది.

నేలనే నమ్మదగినదిగ చేయవలెనను ప్రయత్నము వేరుగ జరిగినది. కాంపాకు, హ్యూలెటు ప్యాకర్డు, ఐబీఎము, ఇంటెలు, మైక్రోసాఫ్టు సంస్థలు 1999లో కూటమిగ చేరి, టీపీఎము అను చిన్న చిప్పును రూపొందించిరి. యంత్రము మేలుకొనునప్పుడు మొదటి ప్రోగ్రాము రెండవదానిని నడుపుటకు ముందు దానిని తూచును. రెండవది మూడవదానిని తూచును. ఈ తూనికలు చిప్పులోని పద్దులో చేరును. ఆ పద్దులో చేర్చుటయే గాని తుడుచుట లేదు. యంత్రమును ఆపి మరల మొదలుపెట్టువరకు అట్లే యుండును. ఒక్క అక్షరము మారినను తూనిక మారును. కావున యంత్రము నిన్నటివలెనే మేలుకొన్నదా, రాత్రి యెవరైన దానిని తాకిరా యనునది తెలియును. సంచి సీలు చెదరలేదని చూచి పుచ్చుకొను తపాలావాని పద్ధతియే ఇది.

ఐతే సీలు ఎవనిది? ఇచ్చట పెద్ద తగవు పుట్టినది. మైక్రోసాఫ్టు సంస్థ 2002లో పల్లాడియము అను పేరున ఒక పథకమును ప్రకటింపగా, కేంబ్రిడ్జి ఆచార్యుడు రాసు ఆండర్సను, స్వేచ్ఛా ప్రోగ్రాముల యుద్యమకారుడు రిచర్డు స్టాల్‌మను మొదలగువారు ఎదిరించిరి. కంప్యూటరును తన యజమానునికి వ్యతిరేకముగ, పాటలు సినిమాలు అమ్మువారి పక్షమున కాపలా కాయించు యంత్రముగ దీనిని మార్చవచ్చునని వారి భయము. ఆ పథకము చెప్పిన రూపున వెలువడలేదు. చిప్పు మాత్రము మిగిలినది. దాని మేలు నే నెఱుగుదును: యంత్రమును దొంగిలించినవాడు అందలి వ్రాతలు చదువకుండ అది ఆపుచున్నది. ఐనను వారి భయము వట్టిది కాదనియే నా తలంపు. 2021లో వెలువడిన విండోసు 11, ఈ చిప్పు క్రొత్త తరపుది లేనిదే యంత్రమున ప్రవేశింపనన్నది. విండోసు 10 కు సాధారణముగ ఉచితముగ నిచ్చు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. మా మేనల్లుని కంప్యూటరు ఏడేండ్లుగ ఒక్కనాడైన చెడలేదు. ఇప్పుడది నమ్మదగినది కాదని దానిని చేసినవారే చెప్పుచున్నారు. “మామయ్యా, యంత్రము నాది, నమ్మకము వారిదా?” అని వాడు నన్నడిగినాడు. నేను తగిన బదులు చెప్పలేకపోతిని.

ఈ సందర్భముననే టానెన్‌బాము మినిక్సునకు పట్టిన గతియు చెప్పవలెను. పరాజితమైనదని అందరు తలచిన ఆ సిస్టము, ఇంటెలు ప్రాసెసరుల వెంట నుండు మరియొక చిన్న కంప్యూటరులో కొన్నేండ్లుగ రహస్యముగ నడుచుచున్నట్లు 2017లో బయటపడెను. మీ విండోసు క్రింద, మీ లైనక్సు క్రింద, మీకు తెలియని మరియొక లోగది! పత్రికలలో చూచువరకు తనకును తెలియదని ఆచార్యుడు ఇంటెలునకు బహిరంగలేఖ వ్రాసెను. గోడలు బాగుగ కట్టుట నేర్పిన గురువు విద్యతోనే, ఇంటివాడు ప్రవేశింపరాని గదిని కట్టిరి.

మల్టిక్సు యంత్రములలో కడపటిది కెనడాలోని హాలిఫాక్సు పట్టణమున 2000వ సంవత్సరము అక్టోబరు 30న ఆగినది. ఎనిమిది ప్రాకారముల ఆలయమున ఆనాటితో దీపము లేదు. కాని చేవ్రాత చీటీలనాటి అవమానము తరువాత మైక్రోసాఫ్టు సంస్థ, కాపలా ప్రోగ్రాములు చేయు సంస్థలవారిని కూర్చుండబెట్టి మాటలాడి, వారి కాపలావారు కెర్నెలు వెలుపలనుండియే పనిచేయు ఏర్పాటును సిద్ధపరచి, 2025 జూలైలో కొందరికి పరీక్షకై యిచ్చుటకు పూనుకొన్నది. ఎరువుల కర్మాగారమునకై డెన్మార్కు యువకుడు ఆ పెత్తనములను వెలుపల పెట్టి అప్పటికి ఏబదియారేండ్లు.